ఇత్తడి గొట్టానికి చుట్టిన టేకు వెనీర్ (పలుచటి చెక్క పొర) విచ్చుకుంటోంది, జిగురు మార్చాలా?

దేవరకొండ కొత్తవాడు: పెన్ను గొట్టం వ్యాసం 7 మిల్లీమీటర్లు, వెనీర్ మందం అర మిల్లీమీటరు. వేడినీళ్లలో నానబెట్టి, తడిగానే సూపర్ గ్లూతో చుట్టాను. మూడో రోజుకు అతుకు గోరు దూరేంత నోరు తెరిచింది.

మిర్యాలగూడ మేస్త్రి: జిగురుది కాదు తప్పు తమ్ముడూ, తొందరది. నానిన చెక్క ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే లాగుతుంది. తడిపి, జిగురు లేకుండా చుట్టు. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి బిగించి ఒక రాత్రి వదిలేయి. విప్పినా చుట్ట ఆకారం నిలుస్తుంది. అప్పుడు అంటించు. ఇత్తడిని ముందు గరుకు కాగితంతో రుద్దు, నున్నటి లోహానికి జిగురు సరిగా పట్టదు.

జడ్చర్ల: నార గొట్టం పొడవునా ఉందా? అడ్డంగా ఉంటే చుట్టేటప్పుడే విరుగుతుంది.

పాలమూరు పెన్నులు: పట్టీ వెడల్పు ఎంత కోశారు?

దేవరకొండ కొత్తవాడు: నార పొడవునే ఉంది. వెడల్పు 22 మిల్లీమీటర్లు, గొట్టం చుట్టుకొలత.

పాలమూరు పెన్నులు: అక్కడే పోయింది. చెక్కకూ మందం ఉంది కదా! మందం మధ్యలో కొలిస్తే వ్యాసం 7.5, చుట్టుకొలత దాదాపు 23.6. చాలని పట్టీని ఎంత ఆరబెట్టినా కలవదు.

మిర్యాలగూడ మేస్త్రి: ఇంత లెక్క దేనికి? వెడల్పుగా కోసి, ఆరాక అంచు మీద అంచు వేసి, రెండు పొరలనూ కొత్త బ్లేడుతో ఒకేసారి కోస్తే చాలు. నేను ఏనాడూ కొలబద్ద పట్టలేదు.

పాలమూరు పెన్నులు: కొలబద్ద పట్టని ఒక మేస్త్రి చేతే నిరుడు 40 పెన్నులు చేయించాను, బడి వీడ్కోలు సభకు. ఎండలు ముదిరేసరికి 11 విచ్చుకున్నాయి. డబ్బు నేను తిరిగి ఇచ్చుకున్నాను.

మిర్యాలగూడ మేస్త్రి: ఆ మేస్త్రిని నేను కాదు. ఎవరో చేసిన పనికి నన్ను నిలదీయకండి!

నల్లగొండ: ఎపాక్సీ జిగురు వాడండి, సందులు కూడా పూడతాయి.

పాలమూరు పెన్నులు: పూడ్చడం, దాచడం, ఇంతేనా? నా బాధ డబ్బు గురించి కాదు. సందులోంచి ఇత్తడి కనబడగానే ఒక టీచరమ్మ, "టేకు పెన్ను అన్నారు కదా, ఇది పైపొరేనా?" అని అడిగారు. తలెత్తలేకపోయాను.

మిర్యాలగూడ మేస్త్రి: టేకు దుంగ నుంచి తీసిన పొర టేకు కాకపోతే మరేమిటి? నిండు చెక్కకు రంధ్రం వేసి చేసే పెన్నులోనూ ఇదే ఇత్తడి గొట్టం ఉంటుంది. దాని గురించి ఎవరు చెబుతున్నారు?

పాలమూరు పెన్నులు: ఆ పెన్నుకు గీత పడితే రుద్ది మళ్లీ మెరుగు పెట్టవచ్చు. దీన్ని అర మిల్లీమీటరు రుద్దితే ఇత్తడి బయటపడుతుంది. కొనేవారికి ఆ తేడా చెప్పి తీరాలి.

మిర్యాలగూడ మేస్త్రి: చెబితే సగం ధరకు అడుగుతారు. నా రెండు రోజుల పనికి ఎవరు కడతారు వెల?

దేవరకొండ కొత్తవాడు: నేను చెప్పే అమ్ముతాను మేస్త్రీ. ఈసారి పట్టీ వెడల్పు 25 మిల్లీమీటర్లు కోసి, ట్యూబు పట్టీ బిగించాను. రేపు పొద్దున విప్పుతాను.