ఇంట్లో రికార్డు చేసిన గొంతు ట్రాక్‌లో కలవడం లేదు, ఏం చేయాలి?

నాగావళి_గొంతు
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పైడితల్లి అమ్మవారి మీద ఒక పాట ఇంట్లోనే రికార్డు చేశాను, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిక్స్ చేస్తున్నాను. గొంతు ట్రాక్ మీద అతికించినట్టుంది. రివర్బ్ (గొంతుకి కలిపే గది మోత) పెంచితే గొంతు దూరంగా పోతోంది, తగ్గిస్తే మరీ పొడిగా ఉంటోంది. శ, స వచ్చినచోటల్లా చెవిలో గుచ్చుకుంటోంది. ఫోన్‌లో వింటే డప్పుల కింద పల్లవి మాటలు వినపడటం లేదు. మైక్ కూడా మార్చాలా? సిరిమాను పండగకు ముందే యూట్యూబ్‌లో పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

గజపతినగరం_మిక్స్
రివర్బ్ నేరుగా గొంతు ట్రాక్ మీదే వేస్తున్నావా తమ్ముడూ? అలా వద్దు. వేరే ట్రాక్ తెరిచి రివర్బ్ అందులో వేసి, గొంతుని కొంత దానికి పంపే సెండ్ పెట్టు. ఆ రివర్బ్ ట్రాక్‌కి ఈక్యూ (బేస్, కీచు లాంటివి విడివిడిగా పెంచి తగ్గించేది) వేసి 300 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్. ప్రీ-డిలే, అంటే రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం, 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచు. అప్పుడు మాట ముందు పలుకుతుంది, రివర్బ్ దాని వెనక వస్తుంది, గొంతు దూరం జరగదు. జాతర పాటలకు నేను ప్లేట్ రివర్బ్ (లోహపు రేకు మోతలాంటిది) ఒక్కటే వాడతాను. ఒకటిన్నర సెకను దాటనివ్వను.

పలాస_జీడితోట
రివర్బ్ అంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. మా చెల్లి పాటకి ఒక స్టూడియోలో అడిగినంత డబ్బు కట్టాం. గొంతంతా హాల్ రివర్బ్‌లో ముంచి ఇచ్చారు. డ్రై ఫైల్ ఇమ్మంటే డిలీట్ చేసేశామన్నారు. ఒకసారి కలిపి ఎక్స్‌పోర్ట్ చేసిన రివర్బ్‌ని శుభ్రంగా వెనక్కి తీయలేం. ఎవరి దగ్గర పాడించినా, ఏ ఎఫెక్టూ లేని వేవ్ ఫైళ్ళు ఆ రోజే పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి.

ఆమదాలవలస_రాత్రిబండి
అందరూ ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌లో వేసే ఎఫెక్టుల) గురించే చెబుతున్నారు. గది సంగతేంటి? టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉంటే ఏ ప్లగిన్ వేసినా ఆ మోత పోదు. రెండు బొంతలు తీసుకుని పాడేవాళ్ళ వీపు వెనక కట్టండి. చాలామంది మైక్ వెనక కడతారు. కార్డియాయిడ్ మైక్ వెనక నుంచి వచ్చేది తక్కువ తీసుకుంటుంది, ఎదురుగా వచ్చేదే వింటుంది. పాడే మనిషి వెనక గోడ మీంచి తిరిగొచ్చే మోతే అందులో పడుతుంది. ఫ్యాన్ ఆపేయండి. గదిలో ఇనప బీరువా ఉంటే తలుపు మీద చెయ్యి వేసి చూడండి, పైస్థాయికి వెళ్ళినప్పుడు అది కూడా మోగుతుంది.

రాజాం_ట్యూనింగ్
ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. గొంతు కలవకపోవడానికి మొదటి కారణం శృతి. ముందు పిచ్ కరెక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో శృతి సరిదిద్దడం) చెయ్యి, మిగతావన్నీ తర్వాత. ఈ రోజుల్లో అది లేకుండా ఎవరూ పాట బయట పెట్టడం లేదు.

కోట_గమకం
ఈ మాట ఒప్పుకోను. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మా విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. ఈ నేల మీద కూర్చుని శృతి మెషీన్ చూసుకుంటుందని ఎలా అంటారు? తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గర్లో ఉన్న స్వరానికి లాగి మెట్లు మెట్లుగా చేస్తుంది. గమకం చచ్చిపోతుంది.

రాజాం_ట్యూనింగ్
అమ్మవారి పాటలో తోడి ఎక్కడుంది అండీ? రీట్యూన్ స్పీడ్, అంటే స్వరాన్ని లాగే వేగం, సున్నాలో (అతి వేగంగా) పెడితే మెట్లు పడతాయి, అది వాడేవాడి తప్పు. నెమ్మదిగా పెడితే గమకం ఉంటుంది. మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్వరం మధ్యస్థానం ఒక్కటే జరిపి, లోపలి ఊగుడు ముట్టుకోకుండా వదిలేయొచ్చు. 1997లో ఆటోట్యూన్ అనే శృతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతకడానికి భూమిలోంచి తిరిగొచ్చే తరంగాల లెక్కలు చూసిన మనిషి. అది లెక్క, మంత్రం కాదు. తెలుసుకుని మాట్లాడండి.

కోట_గమకం
తెలుసుకునే మాట్లాడుతున్నాను. మా ఊరి సుశీలమ్మ గారు పాడిన తొలి రోజుల్లో ఆర్కెస్ట్రా, గాయకులు కలిసి ఒకేసారి రికార్డింగ్. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి. ఆ సాధన వల్లే ఆ గొంతులు నిలబడ్డాయి. ఈ తమ్ముడికి ముందు మళ్ళీ పాడమని చెప్పండి.

రాజాం_ట్యూనింగ్
పొలం పని చేసుకుని రాత్రి పాడేవాళ్ళకి రోజంతా సాధన ఎక్కడ కుదురుతుంది? వాళ్ళ పాట బయటికి రావద్దా? మీ మాటలో పెద్దరికం తప్ప సాయం లేదు.

జముకు_మోత
ఇద్దరిదీ వేరే లోకం. జముకు వాయిస్తూ కథ పాడే మా జముకుల కథ వాళ్ళు గొంతు పగిలేలా ఎత్తుకుంటారు, వెంటనే మాటల్లోకి దిగిపోతారు. శృతి కాదు, ఆ ఎత్తుపల్లాలతోనే మాకు చిక్కు. మూరెడు దూరంలో మైక్ పెట్టి, 24 బిట్‌లో, గట్టి ఎత్తుగడ కూడా -10 డీబీ దాటకుండా గెయిన్ (మైక్ నుంచి తీసుకునే స్థాయి) తగ్గించి తీసుకుంటాను. ఒకే కంప్రెసర్‌తో (గట్టి శబ్దాన్ని తగ్గించేది) గట్టిగా నొక్కితే ఆ కేక కాస్తా మామూలు మాటైపోతుంది. రెండు పెట్టి ఒక్కోదానితో మూడేసి డీబీ తగ్గించండి.

బొబ్బిలి_మాస్టారు
శృతి గొడవ చాలు, అడిగిన కుర్రాడు ఇంకా ఎదురుచూస్తున్నాడు. బాబూ, పల్లవి ఫోన్‌లో వినపడకపోవడానికి కారణం 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య డప్పు దెబ్బ, నీ హల్లులు ఒకేచోట పడటం. గొంతు పెంచకు. డప్పుల ట్రాక్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డీబీ తగ్గించు. గొంతులో 80 హెర్ట్జ్ కింద కోసెయ్, 300 దగ్గర బొంగురుంటే కొంచెం తీసెయ్. తర్వాత కంప్రెసర్ జోలికి పోకముందే, ఒక్కో మాటకీ వాల్యూమ్ గీత చేత్తో గీసుకుంటూ వెళ్ళు. పదం చివర "అమ్మా" అని ఊపిరి తగ్గినచోట పైకి లాగు. ఓపిక కావాలి గానీ గొంతు ట్రాక్‌లో కూర్చునేది ఇక్కడే.

గజపతినగరం_మిక్స్
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. వాల్యూమ్ గీసిన తర్వాత నా రివర్బ్ కూడా సగానికి తగ్గించాల్సి వస్తుంది.

నాగావళి_గొంతు
అందరికీ ధన్యవాదాలు. బొంతలు వీపు వెనక్కి మార్చి చరణం మళ్ళీ పాడాను, తేడా బాగా తెలుస్తోంది. డప్పుల్లో 3 కిలోహెర్ట్జ్ తగ్గించగానే ఫోన్‌లో పల్లవి వినపడింది. "సిరిమాను"లో స మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

జముకు_మోత
డీ-ఎస్సర్ (శ, స గుచ్చుకోకుండా తగ్గించే ప్లగిన్) 6 కిలోహెర్ట్జ్ చుట్టూ పెట్టు. ఎక్కువైతే స కాస్తా థ అవుతుంది, జాగ్రత్త. ఆ ఒక్క మాటే అయితే ప్లగిన్ ఎందుకు, ఆ స ముక్క కోసి నాలుగు డీబీ తగ్గించు. పాడేటప్పుడు మైక్‌ని నోటికి కొంచెం పక్కగా తిప్పినా సగం పోతుంది.

పలాస_జీడితోట
పండగ రోజు మా వీధిలో డీజే బాక్సుల మీద ఇదే పాట వేస్తే బేస్‌లో మాటలన్నీ మునిగిపోతాయి. వాళ్ళ కోసం గొంతు ఒక డీబీ ఎక్కువ ఉన్న కాపీ ఇంకోటి తీసి ఉంచు.

రాజాం_ట్యూనింగ్
మంచి మాట. అలాగే చివర్లో లిమిటర్‌తో (శబ్దం ఒక గీత దాటకుండా ఆపేది) గట్టిగా బాదకు. యూట్యూబ్ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటిన పాటని ఎలాగూ తగ్గించేస్తుంది, నీకు మిగిలేది నలిగిన డప్పులే. చరణం ఇక్కడ పెడితే శృతి నేను చూసి పెడతాను, డబ్బులేం వద్దు.

కోట_గమకం
నాకూ పంపు తమ్ముడూ. ముట్టుకోకుండా వదిలేయాల్సిన చోట్లు నేను గుర్తుపెట్టి ఇస్తాను.

ఆమదాలవలస_రాత్రిబండి
మైక్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ మైక్ వాడుతున్నావు, కండెన్సరా డైనమిక్కా? కండెన్సర్ చిన్న శబ్దాన్నీ పట్టేస్తుంది, అదైతే ఆ గదిలో వీధి కుక్క కూడా పాటలో పడుతుంది.