జపాన్ మహిళల రెజ్లింగ్: ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇన్నాళ్లూ డబ్ల్యూడబ్ల్యూఈ మాత్రమే చూశాను. జపాన్ మహిళల పాత మ్యాచ్‌లు చాలా గొప్పవంటున్నారు, కానీ కామెంటరీ ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మజా వస్తుందా?

జవాబు: భాషతో పనేం లేదు బ్రో. 1993 ఏప్రిల్‌లో యొకొహామాలో జరిగిన అకిరా హొకుతో, షినోబు కందోరి మ్యాచ్ పెట్టు. కందోరి జూడో నుంచి వచ్చిన మనిషి, మొదట్లోనే హొకుతో భుజం మీద పడుతుంది, ఆ తర్వాత రక్తం కారుతున్నా హొకుతో వెనక్కి తగ్గదు, ఆ నొప్పంతా ముఖంలోనే కనిపిస్తుంది. ఫలితం చెప్పను.

జవాబు: నేనైతే 1985 ఒసాకా మ్యాచ్ చూడమంటాను. చిగుసా నగాయో, డంప్ మత్సుమోతో. ఓడినవాళ్లకి గుండు! క్రష్ గాల్స్ జంటగా నగాయో, లయనెస్ అసుకా అంటే అప్పటి స్కూలు అమ్మాయిలకి ప్రాణం, అందుకే నగాయో జుట్టు తీసేస్తుంటే హాలంతా ఏడుపులే. అభిమానమంటే అదీ.

జవాబు: రెండూ చూడండి. మనామి టొయోటా, క్యోకో ఇనోవే 1995 మ్యాచ్ మాత్రం ఇప్పుడే వద్దు, 60 నిమిషాలు ఆడి డ్రా అవుతుంది. వాళ్ల స్టైల్ కాస్త అలవాటయ్యాక చూస్తేనే, అంతసేపు ఆ వేగం ఎలా నిలబెట్టారో తెలిసి ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అందరికీ, ఈ రాత్రికి హొకుతో మ్యాచే.