దూలం వంగిందా, దిగిందా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. డిప్లొమా పిల్లల కోసం దూలాల పాఠం తెలుగులో రాస్తున్నాను. బెండింగ్‌కి ‘వంపు’ అని రాసుకున్నాను, బాగానే ఉంది. డిఫ్లెక్షన్ (బరువు పడితే దూలం తన చోటు నుంచి కిందికి రావడం) దగ్గర కలం ఆగిపోయింది. ‘అపవర్తనం’ అంటే పిల్లలకు నోరు తిరగదు, బొమ్మ కూడా కళ్ళకు కట్టదు. రెండింటికీ వంపు అనే రాసేస్తే తప్పవుతుందా? మామూలు మాటల్లో ‘దూలం వంగింది’ అంటే రెండూ వచ్చేస్తాయి కదా.

జవాబు:

దయచేసి రెండింటికీ ఒకే మాట పెట్టకండి. ఆ పాఠంలో పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. పదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక స్టీలు స్కేలు తీసుకోండి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్నదనుకుందాం. బల్ల అంచు మీద పెట్టి, 20 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా జరిపి, బల్ల మీద ఉన్న భాగాన్ని గట్టిగా అదిమి పట్టండి. బయటి కొసకు 200 గ్రాముల బరువు వేలాడదీయండి. స్కేలు సొంత బరువు వదిలేస్తే కొస దాదాపు 13 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. ఇప్పుడు వంగి, కంటిని బల్ల ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. స్కేలు వంకర తిరిగింది ఎక్కడ? బల్ల అంచు దగ్గర. కొస దగ్గర చివరి రెండు మూడు సెంటీమీటర్లు చూస్తే గీత గీసినట్టు తిన్నగానే ఉంటాయి. అంటే అన్నిటికన్నా ఎక్కువ కిందికి వచ్చిన చోట వంపే లేదు. అన్నిటికన్నా ఎక్కువ వంపు ఉన్న చోటు అసలు కిందికే రాలేదు. ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే ఈ బొమ్మను పిల్లలకు ఏ వాక్యంలో చెప్పగలం?

రెండు కొసలా ఆధారం ఉండి నడిమధ్య బరువు మోసే దూలంలో మాత్రం ఎక్కువ వంపూ, ఎక్కువ దిగడమూ ఒకే చోట కలుస్తాయి. మనం మాటల్లో రెండింటినీ కలిపేయడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం. రోజూ తల మీద చూసే దూలం అదే కదా.

నేను వాడే మాటలు మూడు: వంపు, వాలు, దిగుడు. ఒక చోట దూలం ఎంత వంకర తిరిగిందో అది వంపు. ఆ చోట గీత ఎంత ఏటవాలుగా ఉందో అది వాలు. ఆ చోటు తన పాత స్థానం నుంచి ఎంత కిందికి వచ్చిందో అది దిగుడు. అదిమి పట్టిన చోటి నుంచి బయలుదేరి వంపుల్ని కూడుకుంటూ పోతే వాలు వస్తుంది. వాలుల్ని కూడుకుంటూ పోతే దిగుడు వస్తుంది. రెండుసార్లు సమాకలనం చేయమని పుస్తకం చెప్పేది ఇదే. కొస దగ్గర వంపు సున్నా అయినా దిగుడు ఎందుకు అంత ఉందంటే, దారి పొడుగునా పోగైన వాలు అంతా అక్కడికి చేరింది కాబట్టి. అందుకే పొడుగు పెరిగితే దిగుడు ఊహకు అందనంతగా పెరుగుతుంది. అదే స్కేలును 20కి బదులు 10 సెంటీమీటర్లే బయటికి పెట్టి చూడండి, దిగుడు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది: 1.6 మిల్లీమీటర్లు.

ఒక చోటి వంపు ఆ చోట బరువు దూలాన్ని తిప్పే ప్రభావాన్ని, అంటే మూమెంట్‌ని బట్టి ఉంటుందన్న ఆలోచన గణితవేత్త జేకబ్ బెర్నూలీది, 17వ శతాబ్దం చివరినాటిది. మరో గణితవేత్త ఆయిలర్ 1744లో దాన్ని పట్టుకుని వంగిన కడ్డీల ఆకారాలు లెక్కగట్టాడు. అంతకు చాలా ముందే, 1638లో, గెలీలియో గోడలోంచి పొడుచుకొచ్చిన దూలం గురించి రాశాడు గానీ, ఆయన అడిగిన ప్రశ్న వేరు. అది ఎప్పుడు విరుగుతుంది అన్నదే ఆయన ప్రశ్న, ఎంత దిగుతుంది అన్నది కాదు. విరగడం, వంగడం, దిగడం మూడూ వేరువేరు లెక్కలు.

ఇక మాట సంగతి. తెలుగులో వంగు, వంచు, వంపు ఒక కుటుంబం. తెగు, తెంచు, తెంపు అన్నట్టే. పెరుగు, పెంచు, పెంపు అన్నట్టే. దూలం వంగుతుంది, బరువు దాన్ని వంచుతుంది, అందులో మిగిలేది వంపు. మూడు రూపాలూ చేతిలో ఉండగా ‘వంపుకు గురిచేయబడింది’ లాంటి వాక్యాలు మనకెందుకు? ‘దిగుడు’ కూడా కొత్తగా కల్పించినది కాదు, ‘ఎగుడుదిగుడు’లో అందరికీ తెలిసిందే. పైగా దాని జంట ‘ఎగుడు’ మనకు ఉచితంగా దొరుకుతుంది. మూడు ఆధారాల మీద సాగే దూలంలో ఒక గది మీది భాగంపైనే బరువు పెడితే అది దిగుతుంది, పక్క గది మీది భాగం పైకి లేస్తుంది. మొదటిది దిగుడు, రెండోది ఎగుడు. బరువు పడ్డాక సమంగా నిలవాలని దూలాన్ని ముందే కాస్త ఎగుడుగా పోతపోస్తారని కూడా చెప్పుకోవచ్చు.

అపవర్తనాన్ని కరెంటు కొలిచే గాల్వనోమీటరు ముల్లుకు వదిలేద్దాం. అక్కడ ముల్లు పక్కకు తిరుగుతుంది, ఆ మాట అక్కడ అతుకుతుంది.

ఇంకొకరు:

‘కుంగుబాటు’ ఉంది కదండీ? పత్రికల్లో వంతెన కుంగింది అనే రాస్తారు.

జవాబు:

కుంగడాన్ని నేను పునాదికి దాచిపెడతాను. నేల కుంగుతుంది, పునాది కుంగుతుంది, వాటితోపాటు ఆధారం కుంగుతుంది. రెండు కొసలా ఊరికే ఆనించిన దూలానికి ఒక ఆధారం 10 మిల్లీమీటర్లు కుంగిందనుకోండి. దూలం తిన్నగానే ఉండి ఒక పక్కకు వాలుతుంది. వంపు ఎక్కడా లేదు. వాలు అంతటా ఒకటే. దిగుడు ఒక కొసన సున్నా, రెండో కొసన 10, నడుమ 5. మూడు మాటలు ఉంటే ఈ సంగతి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. కొసలు గట్టిగా బిగించిన దూలమైతే కథ మారుతుంది, ఆధారం కుంగినా వంపు వస్తుంది.

ప్రశ్న వేసినవారు:

చాలా సంతోషమండీ. చివరిగా ఒక్కటి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’తో పాఠం మొదలుపెడదామనుకున్నాను. ఇక్కడ వంగడం ఏ అర్థంలో?

జవాబు:

తప్పకుండా పెట్టండి, ఈ పాఠానికి అంతకన్నా మంచి వాక్యం లేదు. ఒక సెంటీమీటరు మందం ఉన్న మొక్క, పది సెంటీమీటర్ల మాను అనుకోండి. ఎత్తూ, కర్ర గుణమూ ఒకటే అనుకుందాం. గుండ్రటి కాండం బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాబట్టి తలను అదే దూరం పక్కకు లాగాలంటే మానుకు 10,000 రెట్ల బలం కావాలి. ఇది సగమే. రెండో సగం ఏమిటంటే, అంత బలం తెచ్చి వంచారే అనుకోండి, అదే వంపు దగ్గర మాను పైపొర మొక్క పైపొర కన్నా పది రెట్లు సాగాలి. కర్ర అంత సాగదు. మొక్క హాయిగా తట్టుకున్న వంపు దగ్గరికి చేరకముందే మాను ఫెళ్ళున విరుగుతుంది. సామెత ‘వంగునా’ అని అడిగి ఆపేసింది. ‘వంచగలమా’ అనలేదు. బలం చాలకపోవడం ఒక్కటే కాదు, వంగే గుణమే పోయింది అని నాకు వినిపిస్తుంది. కాబట్టి ఇక్కడ వంగడం అచ్చంగా వంపే. పిల్లల చేత మందం 1, 2, 5, 10 సెంటీమీటర్లుగా తీసుకుని లెక్క కట్టించండి.