నవాహో పెళ్లిబుట్ట చేయించాలంటే అల్లే ఆవిడకి ఏం చెప్పాలి?

ఫీనిక్స్‌_కాపురం:
హాల్లో గోడకి అమెరికా ఆదివాసులైన నవాహోల పెళ్లిబుట్ట ఒకటి చేయిద్దామనుకుంటున్నాం. మాన్యుమెంట్ వ్యాలీ వైపు, యూటాలో అల్లే ఒకావిడ నంబరు దొరికింది. 24 అంగుళాల సైజు, ఎరుపు వలయం బదులు నీలం, ఆ వలయంలో ఒకచోట ఉండే ఖాళీ లేకుండా కలిపేసి... ఇలా అడగొచ్చా? అడ్వాన్సు సంగతేంటి? తర్వాత దాన్ని విశాఖ తీసుకెళ్లాలి.

చుట్టకుదురు:
ఆ ఖాళీ మూయమని మాత్రం అడక్కండి. అది దారి. అంచు చుట్ట ముగిసే చోటు సరిగ్గా దాని సూటికే వస్తుంది. క్రతువు రాత్రి చీకట్లో చేత్తో అంచు తడిమి, ఆ కొస దొరికితే దారిని తూర్పుకి తిప్పుతారు. నడిమి తెలుపు మనుషులు ఈ లోకంలోకి పైకి వచ్చిన చోటనీ, నల్లటి మెట్లు కొండలూ మబ్బులూ అనీ చెప్తారు. అర్థాలు మనిషిని బట్టి కాస్త మారతాయి, దారి మారదు.

నీలమే కావాలంటే పెళ్లిబుట్ట అనకండి, బొమ్మల బుట్ట అడగండి. 1995లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ (జానపద కళాకారులకి అమెరికా ప్రభుత్వమిచ్చే గౌరవం) అందుకున్న నవాహో అల్లికకారిణి మేరీ హాలిడే బ్లాక్, ఆవిడ కుటుంబం ఆ తరహా బుట్టలకి పేరు తెచ్చారు. కొన్ని పవిత్ర రూపాలు అల్లడానికి కొందరు ఒప్పుకోరు. వద్దంటే బేరమాడకండి.

మేదరి_వీధి:
ఇది మన మేదరి తట్టలాగా బద్దలు కిందా మీదా వేసి అల్లేది కాదు. చుట్టకుదురులా చుట్టుకుంటూ పోయి కుట్టేది. లోపల సుమాక్ అనే పొద పుల్లలు మూడు కట్టగా ఉంటాయి. వాటి చుట్టూ సుమాక్ బద్ద తిప్పి, కింది చుట్టలో ఆరెతో బెజ్జం పెట్టి లాగుతారు. ఒక్కో కొమ్మని మూడుగా చీలుస్తారు: ఒక చీలిక పంటితో, రెండు చేతులతో పట్టుకుని. బెరడు, లోపలి గుజ్జు తీసేసి, ఒకే మందానికి గీకాలి. బద్ద మరీ నానితే ఆరాక కుంచించుకుపోయి కుట్ల మధ్య సందులు పడతాయి, ఎండిపోతే మెలి తిప్పేచోట పుటుక్కుమంటుంది. అందుకే ఈ తయారీకే బోలెడు కాలం పడుతుంది.

సైజు సంగతి: 15 అంగుళాల నుంచి 24కి వెళ్తే వైశాల్యం రెండున్నర రెట్లు దాటుతుంది, కుట్లూ అంతే. పైగా వెడల్పు పెరిగేకొద్దీ వంకర తిరిగే ప్రమాదం ఎక్కువ. గోడకైతే 14, 15 చాలు. ధర అడిగేముందు వ్యాసం, లోతు, రంగులు, ఎంత సన్నటి కుట్టు కావాలో రాసి పంపండి. గడువు తేదీ మీరు పెట్టకండి, ఆవిడనే చెప్పమనండి. అడ్వాన్సు ఎంతో కూడా ఆవిడే చెప్తుంది. మిగతాది బుట్ట చూశాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

ఫీనిక్స్‌_కాపురం:
సరేనండి, 15 అంగుళాలు, ఎరుపే. ఆన్‌లైన్లో చవగ్గా కనిపించేవి?

చుట్టకుదురు:
పాకిస్తాన్‌లో చేసిన నకళ్లు చాలా తిరుగుతున్నాయి. వెనక్కి తిప్పి చూడండి: కుట్ల సందుల్లో పుల్లలు కనిపిస్తున్నాయా, గడ్డి మోపా? అంచు కొస దారికి సూటిగా ఉందా? జడలా అల్లిన అంచు ఉందా? అమెరికాలో 1990 చట్టం ప్రకారం ఆదివాసులు చేయనిదాన్ని వాళ్లదని అమ్మడం నేరం కాబట్టి, రసీదు మీద అల్లినవారి పేరూ, 'నవాహో' అనీ రాయించుకోండి. నిజమైన వాటిల్లోనూ వాడినవి దొరుకుతాయి. క్రతువు జరిపించిన సంప్రదాయ వైద్యుడికిచ్చిన బుట్ట ట్రేడింగ్ పోస్టుకి (అక్కడి సరుకుల కొట్టుకి) వెళ్లి మళ్లీ అమ్ముడవుతుంది. లోపల మొక్కజొన్న పిండి మరకలుంటే తప్పు కాదు, కడగొద్దు.

ఇంకోటి, ఆవిణ్ణి కలవడానికి టైం ఇస్తే గుర్తుంచుకోండి: నవాహో నేషన్ (నవాహోల స్వపాలన ప్రాంతం) వేసవిలో గడియారం ముందుకు జరుపుతుంది, ఫీనిక్స్ జరపదు. గంట తేడా.

ఉప్పుగాలి:
విశాఖలో బూజు, పురుగు రెండూ ఉన్నాయి. బయటి గోడకి తగిలించొద్దు, తేమ లాగుతుంది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. వార్నిష్, నూనె పూయొద్దు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. సన్నటి పొడి రాలుతోందంటే పురుగు పట్టినట్టే. పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. తొందరపడి విప్పితే చల్లటి బుట్ట మీద నీరు పట్టి అదే బూజుకి మొదలవుతుంది.