యూఈఎఫ్ఐ మీద సొంత ఓఎస్: లోడర్ ఎక్కడ ఆగాలి, కెర్నల్ ఎక్కడ మొదలవ్వాలి?

కిరణ్_ఓఎస్‌డెవ్:
నా హాబీ ఓఎస్ ఇన్నాళ్లూ బయోస్ (మెషీన్ ఆన్ అవ్వగానే నడిచే పాత ఫర్మ్‌వేర్) మీదే బూట్ అయ్యేది. 512 బైట్ల బూట్ సెక్టర్, రియల్ మోడ్ (ప్రాసెసర్ పాత 16 బిట్ మోడ్), అక్కడి నుంచి మెల్లగా 64 బిట్‌కి. కొత్త ల్యాప్‌టాప్‌లో సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతిలో బూట్ చేయనిచ్చే) ఆప్షనే లేదు, యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) ఒక్కటే. లోడర్‌నీ (కెర్నల్‌ని మెమరీలోకి తెచ్చే ప్రోగ్రామ్) కెర్నల్‌నీ (ఓఎస్ అసలు భాగం) ఒకే ఈఎఫ్ఐ ఫైల్‌లో (ఫర్మ్‌వేర్ నేరుగా నడిపే ఫైల్) పెట్టాలా, విడగొట్టాలా? చేసినవాళ్లు చెప్పండి.

లలిత_సిస్టమ్స్:
విడగొట్టండి. మీ లోడర్ మొదలయ్యేసరికే ప్రాసెసర్ లాంగ్ మోడ్‌లో (64 బిట్ మోడ్) ఉంటుంది, ఐడెంటిటీ మ్యాపింగ్‌తో (వర్చువల్ అడ్రస్, ఫిజికల్ అడ్రస్ ఒకటే) పేజింగ్ కూడా ఆన్ అయి ఉంటుంది, కాబట్టి ఏ20 లైను, మోడ్ మార్చడం లాంటి పాత అసెంబ్లీ అంతా తీసేయొచ్చు. నా లోడర్ ఫ్యాట్ పార్టిషన్‌లోంచి ఈఎల్ఎఫ్ (ప్రోగ్రామ్ ఫైల్ ఫార్మాట్) కెర్నల్‌ని చదివి, ఫ్రేమ్‌బఫర్ (స్క్రీన్ పిక్సెల్స్ ఉండే మెమరీ) వివరాలు, ఏసీపీఐ టేబుళ్ల (హార్డ్‌వేర్ వివరాలుండేవి) అడ్రస్, మెమరీ మ్యాప్ (ఏ మెమరీ ఖాళీ, ఏది వాడుకలో అనే పట్టిక) ఒక స్ట్రక్చర్‌లో సర్ది కెర్నల్‌కి ఇస్తుంది, అంతే. కెర్నల్‌లో యూఈఎఫ్ఐ హెడర్ ఒక్కటీ ఉండదు. రేపు ఇంకో ఫర్మ్‌వేర్ వచ్చినా ఆ స్ట్రక్చర్ నింపితే చాలు.

పాత_సీ_కోడర్:
లినక్స్ మాత్రం 3.3 వెర్షన్ (2012) నుంచి కెర్నల్ ఇమేజ్‌లోనే ఈఎఫ్ఐ స్టబ్ (లోడర్ పని చేసే చిన్న ముక్క) పెట్టింది కదా, ఫర్మ్‌వేర్ దాన్ని నేరుగా నడిపేస్తుంది. ఒకే ఫైల్, ఒకే సంతకం, సెక్యూర్ బూట్‌కి (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే ఏర్పాటు) అది హాయి.

లలిత_సిస్టమ్స్:
ఫైల్ ఒకటే అండీ, కోడ్‌లో ఆ స్టబ్ వేరుగానే ఉంటుంది. బూట్ సర్వీసులతో (ఓఎస్ పగ్గాలు తీసుకునేదాకా ఫర్మ్‌వేర్ ఇచ్చే ఫంక్షన్లు) పని ముగించాకే అసలు కెర్నల్‌లోకి దూకుతుంది.

రాత్రి_డీబగ్గర్:
ఎక్కువమంది ఇరుక్కునేది ఎగ్జిట్‌బూట్‌సర్వీసెస్ (బూట్ సర్వీసులను ముగించే ఫంక్షన్) దగ్గర. గెట్‌మెమరీమ్యాప్ (మెమరీ మ్యాప్ తెచ్చే ఫంక్షన్) ఇచ్చిన కీని దానికి ఇవ్వాలి. ఈ రెండింటి మధ్య ఒక్క అలొకేషన్ జరిగినా, స్క్రీన్ మీద ఒక లైను ప్రింట్ చేసినా మ్యాప్ మారిపోవచ్చు, అప్పుడు కీ చెల్లదు, ఇన్‌వ్యాలిడ్ పారామీటర్ అని తిరిగొస్తుంది. మళ్లీ మ్యాప్ తీసుకుని మళ్లీ పిలవాలి, కానీ మొదటిసారి పిలిచినప్పుడే ఫర్మ్‌వేర్ కొన్ని సర్వీసులు మూసేసి ఉండొచ్చు కాబట్టి మెమరీ సర్వీసులు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. మ్యాప్ బఫర్‌ని ముందే కాస్త పెద్దగా తీసుకోండి.

ఇంకోటి, మ్యాప్‌లో ఎంట్రీ నుంచి ఎంట్రీకి సైజాఫ్‌తో (సీలో స్ట్రక్చర్ సైజు చెప్పేది) వెళ్లకండి. స్ట్రక్చర్ 40 బైట్లే అయినా ఫర్మ్‌వేర్ చెప్పే డిస్క్రిప్టర్ సైజు చాలాచోట్ల 48. సైజాఫ్‌తో వెళ్తే రెండో ఎంట్రీ నుంచే చెత్త వస్తుంది, దాని మీద కట్టిన పేజ్ అలొకేటర్ ఎప్పుడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కిరణ్_ఓఎస్‌డెవ్:
చాలా థాంక్స్ అందరికీ. క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) ఓవీఎంఎఫ్‌తో (అందులో వాడే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్) నడిస్తే అసలు మెషీన్ మీద కూడా నడుస్తుందనుకోవచ్చా?

పాత_సీ_కోడర్:
అనుకోవద్దు. అసలు మెషీన్లలో ఫ్రేమ్‌బఫర్ ఒక్కో వరస స్క్రీన్ వెడల్పు కంటే పొడుగ్గా ఉండొచ్చు, పిక్సెల్స్‌పర్‌స్కాన్‌లైన్ విలువ చూడకుండా గీస్తే బొమ్మ ఏటవాలుగా జారిపోతుంది. లోడర్‌లో మెనూ పెడితే వాచ్‌డాగ్ టైమర్ ఆపేయండి, లేదంటే 5 నిమిషాలకి మెషీన్ రీసెట్ అవుతుంది.

రాత్రి_డీబగ్గర్:
పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ పేరుతో లోడర్ పెట్టండి. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాల్సి వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే, ఆఫ్ చేసేముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ వేరేచోట రాసిపెట్టుకోండి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లేటప్పుడు అడగొచ్చు.