విదేశీ అతిథులకు వాళ్లు అడిగినవే చూపించాలా, మనకు నచ్చినవా?

విదేశాల నుంచి స్నేహితులు వస్తున్నారు, వాళ్లు పంపిన లిస్టులో అన్నీ ఫొటోల్లో కనిపించే పేరున్న చోట్లే, ఇక్కడివాళ్లం ఇష్టంగా తిరిగేది ఒక్కటీ లేదు. వాళ్ల కోరిక తప్పనను, అంత దూరం నుంచి మళ్లీ వస్తారో రారో. కానీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సంగతే చూడండి, జనమంతా మోనాలిసా ముందు తోసుకుంటుంటే, అదే గదిలో ఎదురుగోడ మీద వెరొనీస్ అనే ఇటలీ చిత్రకారుడు 1563లో పూర్తి చేసిన పెళ్లివిందు చిత్రం ఉంటుంది, ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద పెయింటింగ్ అదే, చాలామంది దానికి వీపు పెట్టి నిలబడతారు. మా వాళ్లకీ అలా కాకూడదనే నా టెన్షన్. పేరున్నవి పొద్దున్నే రద్దీ లేనప్పుడు చూపించేసి, మిగతా రోజు మనకు నచ్చిన చోట్లకి తీసుకెళ్తే బాగుంటుందా? బలవంతపెట్టినట్టు అనిపించకుండా ఎలా చెప్పాలి? వేరే దేశంలో అతిథిగా తిరిగినవాళ్లుంటే మీకేది గుర్తుండిపోయిందో తప్పకుండా చెప్పండి.