ఎన్‌ఫీల్డ్ ఇంట్లో కుర్చీ నిజంగా కదిలిందా?

ప్రశ్న: 1977లో లండన్ ఎన్‌ఫీల్డ్‌లో, దయ్యం ఉందన్న ఒక ఇంట్లో కుర్చీ దానంతట అదే జరగడం చూశానని పోలీసు కానిస్టేబులే రాసిచ్చింది. అయినా దయ్యం లేదంటారా?

జవాబు: జరగడం చూసింది, తీగల కోసం వెతికింది, దొరకలేదు. అంతవరకే ఆమె సాక్ష్యం. నా బాధల్లా పరిశోధన తీరు గురించే. దయ్యాల ఘటనలను పరిశోధించే మారిస్ గ్రాస్, గై ప్లేఫెయిర్ నెలల తరబడి ఆ ఇంటికి తిరిగారు. ఆ ఇంటి పిల్లలు మోసం చేస్తూ దొరికినా మిగతాదంతా నిజమేనని నమ్మారు. గ్రాస్ అంతకు ముందు ఏడాదే కూతుర్ని పోగొట్టుకున్నారు, పాపం. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకుండా, నమ్మకం లేనివాళ్లను మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టాల్సింది. తర్వాత వెళ్లిన మరో పరిశోధకురాలు అనితా గ్రెగరీ అదంతా నిజమని ఒప్పుకోలేదు.

మరొకరు: మరి ఆ ఇంటి అమ్మాయి గొంతులోంచి వచ్చిన ముసలాయన మాటలు?

జవాబు: స్వరతంత్రుల పైనుండే మడతలతో అలాంటి బొంగురు గొంతు తీయొచ్చండి. అభ్యాసం చాలు.